జనాభా దొరికింది, పొలిమేర దొరకలేదు

మేడమ్ అడిగింది చూడ్డానికి చిన్న పనే. మాది తిరుపతిలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ. పల్లెల్లో పిల్లలకు రక్తహీనత పరీక్షలు చేసే వ్యాను ఒకటుంది. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో చిన్నపిల్లలు ఎక్కడెక్కడ ఎక్కువున్నారో, ఊళ్లవారీగా మ్యాపు మీద రంగులేసి ఇమ్మన్నారు. "వారం సరిపోతుంది కదమ్మా?" అన్నారు. సరిపోతుందనే చెప్పాను. భూగోళశాస్త్రంలో ఎంఏ చేశానన్న గర్వం మరి. పదకొండు వారాలు పట్టింది.

అంకెల కోసం నేనేమీ కష్టపడలేదు. 2011 జనగణన పట్టికల్లో ఊరూరికీ ఇళ్లెన్ని, మనుషులెందరు, ఆరేళ్ల వరకు వయసున్న పిల్లలెందరు, చదువొచ్చినవాళ్లెందరు, పనిచేసేవాళ్లెందరు అన్నీ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ఫైలు తెరిస్తే మొదట ఆదిలాబాద్ కనిపించింది. రాష్ట్ర విభజనకు ముందు లెక్క కదా, 23 జిల్లాలూ అందులోనే ఉంటాయి. అన్నిటికన్నా కింద, 554 నంబరుతో మన చిత్తూరు. 41,74,064 మంది. అప్పటి పసిపిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారని నాకూ తెలుసు, మేడమ్‌కీ తెలుసు. కానీ ఊరి స్థాయిలో అందరికీ ఒకే పద్ధతిలో తీసిన లెక్క అంతకన్నా కొత్తది లేదు. దాన్ని ఆధారంగా పెట్టుకుని, అంగన్‌వాడీ రిజిస్టర్లతో సరిచూసుకుందాం అనుకున్నాం.

అంకె ఉంది, ఊరి పేరుంది. ఆ ఊరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పే గీత కావాలి. అక్కడ మొదలైంది టెన్షన్.

ఒక కార్యాలయానికి వెళ్తే గ్రామాల ఎల్లలున్న మండలం మ్యాపు గోడకే తగిలించి ఉంది. ఇవ్వకూడదన్నారు. ఫొటో తీసుకోవచ్చా అంటే దానికి ఎవరూ ఏమీ అనలేదు. ఇంకోచోట తెలిసినవాళ్లు ఒక షేప్‌ఫైలు పంపారు. షేప్‌ఫైలు అంటే మ్యాపు గీతల్ని కంప్యూటర్‌లో దాచుకునే తీరు; ఒక ఫైలు కాదు, నాలుగైదు ఫైళ్ల కట్ట. అందులో ఏ కొలమానంలో గీశారో చెప్పే చిన్న ఫైలు ఒకటుండాలి. సరిగ్గా అదే లేదు. దాన్ని ఇప్పటి జీపీఎస్ పద్ధతిలోదే అనుకుని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, స్వర్ణముఖి నది వెంట సాగాల్సిన ఎల్ల నదిని వదిలేసి మామిడి తోటల్లో పోతోంది. నది దారి మార్చుకుందేమో అనుకుని రెండు రోజులు పాత ఉపగ్రహ చిత్రాలు వెతికాను. నది ఉన్నచోటే ఉంది. గీతలే అన్నీ కలిసి ఒకే వైపుకు, వంద మీటర్లకు పైగా జరిగున్నాయి. పాత సర్వే మ్యాపులు ఎవరెస్ట్ 1830 అనే లెక్కతో భూమి ఆకారాన్ని కొలిచేవి, జీపీఎస్‌ది వేరే లెక్క. క్యూజీఐఎస్‌కు ఆ సంగతి చెప్పాక గీతలు బుద్ధిగా వచ్చి నదిలో కూర్చున్నాయి.

తర్వాత మండలం కోడ్, ఊరి పేరు చూసి అంకెల్ని గీతలకు అతికించడం. మొదటిసారి ఒక్క ఊరూ అతకలేదు. కారణం చెబితే నవ్వుతారు. మన మండలాల జనగణన కోడ్ సున్నాతో మొదలవుతుంది, 05 అని. ఎక్సెల్ దాన్ని అంకె అనుకుని ముందున్న సున్నాను మింగేసింది. సున్నా తిరిగి పెట్టాక సగం అతికాయి. మిగతా సగానికి పేర్లు అడ్డం. షేప్‌ఫైలులో ఊరి కోడ్ లేదు, ఇంగ్లీషు స్పెల్లింగులో పేరొక్కటే ఉంది. పల్లె ఒకచోట పల్లి అవుతుంది. మన వైపు కండ్రిగ అని ముగిసే ఊరి పేర్లైతే చెప్పక్కర్లేదు, ఒకే కండ్రిగను మూడు రకాలుగా రాశారు. రామాపురాలు, కొత్తపల్లెలు ఎన్నో. చివరికి కంప్యూటర్‌ను నమ్మకుండా పక్కపక్కనే పెట్టుకుని చేత్తో ఒక్కొక్కటీ కలిపాను.

తిరుచానూరు, అవిలాల ఎంత వెతికినా ఊళ్ల జాబితాలో కనిపించలేదు. అవి జనగణన దృష్టిలో పట్టణాలు. ఐదువేల జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్లలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉంటే చాలు, పంచాయతీ అయినా పట్టణం కిందే లెక్కిస్తారు. వాటి వరుస వేరు. ఇది తెలియక తిరుచానూరులో పిల్లలే లేనట్టు ఒక మ్యాపు వేసి మేడమ్‌కు చూపించాను కూడా. అమ్మవారి గుడి చుట్టూ అంత ఖాళీనా అని ఆవిడ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అసలు పాఠం బేచిరాకు ఊరి దగ్గర నేర్చుకున్నాను. బేచిరాకు అంటే దీపం లేనిది అని. రెవెన్యూ లెక్కల్లో ఊరు ఉంటుంది, ఎల్ల ఉంటుంది, కోడ్ ఉంటుంది, మనుషులు ఉండరు. నా మ్యాపులో అలాంటి ఊరొకటి తెల్లగా, జనాభా సున్నాతో పడి ఉంది. ఉపగ్రహ చిత్రంలో చూస్తే దాన్నిండా ఇళ్లే. చూసొద్దామని బండేసుకుని వెళ్లాను. ఆ చుట్టుపక్కల చాలాకాలం తలారి పని చేసిన పెద్దాయన ఒకరు దొరికారు.

"తాతా, ఈ ఊరి పేరేంది?"

"ఏ ఊరు పాపా? మనం నిలబడింది బేచిరాకులో. ఈ ఇండ్లోళ్లను అడుగు, పక్కూరి పేరే చెప్తారు. రేషన్ కార్డు ఆడిదే, ఓటూ ఆడిదే."

తర్వాత పుట్ట పక్కన ముళ్లు తొలగించి ఒక రాయి చూపించారు. మూడు ఊళ్ల ఎల్లలూ కలిసే చోటు. "దీని నుంచి తూర్పుకంతా దీపం లేనిదే" అన్నారు, ఆ తూర్పునే రెండంతస్తుల ఇళ్లను చూపిస్తూ. ఫోన్లో ఆ రాయి అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, నా షేప్‌ఫైలు సరిగ్గా కూర్చుందో లేదో దానితో సరిచూసుకున్నాను. కూర్చుంది. ఆ రోజు మా క్యాంటీన్‌లో అందరికీ నేనే టీ తాగించాను.

కొన్ని చోట్ల దీనికి తలకిందులు. ఒకే రెవెన్యూ గ్రామం, దాని కింద ఏడెనిమిది పల్లెలు, అన్నిటికీ కలిపి ఒకే అంకె. వ్యాను ఏ పల్లెకు పోవాలి? పంచాయతీ ఎల్ల ఒకటి, రెవెన్యూ గ్రామం ఎల్ల ఒకటి, 2019 అక్టోబరులో వచ్చిన గ్రామ సచివాలయాల ఎల్ల ఇంకొకటి. అంకెను విస్తీర్ణం ప్రకారం పంచి చూద్దామని ఒక ప్రయోగం చేశాను. శేషాచలం అడవిని ఆనుకుని ఉన్న ఊళ్లలో పిల్లలంతా కొండెక్కి కూర్చున్నారు. మేడమ్ చూసి, "చిరుతపులులకు కూడా రక్తపరీక్ష చేద్దామా?" అన్నారు. అప్పుడు అడవి, చెరువులు, రాళ్లగుట్టలు తీసేసి, ఇళ్లున్న చోట్లకు మాత్రమే అంకెను పంచాను. వంద మీటర్ల గళ్లుగా జనాభాను అంచనా వేసే వరల్డ్‌పాప్ లెక్కతో పోల్చి చూశాను. అంచనాను అంచనాతో పోల్చడమే అది, తెలుసు. అయినా రెండూ ఎక్కడ బాగా తేడాగా ఉన్నాయో అక్కడికి మనిషిని పంపవచ్చు కదా.

ఇంగ్లండ్‌లో ఉన్న నా క్లాస్‌మేట్‌కు ఇదంతా ఫోన్లో చెబితే జాలిపడింది. అక్కడ జనగణన లెక్కల కోసమే చిన్న చిన్న ప్రాంతాలు కడతారట. ఒక్కోదాంట్లో కనీసం 40 ఇళ్లు, 100 మంది ఉండాలి. ఎల్లలు ఊరికే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అంకెకూ గీతకూ ఒకటే కోడ్. నాకు మండింది.

మనకు అంత చిన్న ప్రాంతాలు లేవా అంటే ఉన్నాయి. మా మామయ్య రిటైర్డ్ టీచరు, 2011 జనగణనకు ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసుకునే ఎన్యూమరేటరుగా పనిచేశారు. ఇళ్ల జాబితా తీసేటప్పుడు ఆరేడు వందల మంది ఉండే ఒక బ్లాకుకు ఆయన చేత్తోనే నక్షా గీశారు. పక్కా ఇంటికి చతురస్రం, కచ్చా ఇంటికి త్రిభుజం, మధ్యలో వేపచెట్టు, బోరింగు, రామాలయం. "నీకు కావాల్సిందంతా నేను గీసిచ్చినా కదమ్మా" అన్నారు. గీసిచ్చారు, పైకి పంపారు. బ్లాకుల వారీ లెక్కలు మాత్రం బయటికి విడుదల చేయరు. నేను ఊరి దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది.

చివరికి ఇచ్చిన మ్యాపులో రంగుల కన్నా గమనికలే ఎక్కువున్నాయి. ఏ ఊరి ఎల్ల ఏ సంవత్సరానిది, ఏది అంచనా, ఏది బేచిరాకు అని పక్కనే రాశాను. తిరుపతి జిల్లా అంతటికీ చేయమని మేడమ్ మళ్లీ అడిగారు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన ఆ జిల్లాలో సూళ్లూరుపేట వైపు ఊళ్లు నెల్లూరు నుంచి వచ్చినవి, వాటి పాత జిల్లా కోడ్ 550. 554తో కలపాలి. ఈసారి వారం అని చెప్పలేదు. రాబోయే జనగణనకు రిఫరెన్స్ తేదీ, అంటే ఏ రోజుకున్న జనాన్ని లెక్కలోకి తీసుకుంటారో ఆ తేదీ, 2027 మార్చి 1. ఆ లెక్కలొచ్చినప్పుడు పాత కోడ్‌కు ఎదురుగా కొత్త కోడ్ రాసుకోవడానికి నా పట్టికలో ఒక కాలమ్ ఖాళీగా ఉంచాను.

మొన్న తలారి తాత ఫోన్ చేశారు. కొత్త లేఅవుట్‌కు రోడ్డు వేస్తూ జేసీబీతో ఆ మూడూళ్ల రాయిని పెకలించేశారంట. "నీ ఫోన్లో ఉండాదా అది?" అని అడిగారు. ఉంది తాతా, ఐదారు మీటర్లు అటూ ఇటూగా ఉంది అన్నాను.