ఫాదర్ గారి రిజిస్టర్డ్ ఉత్తరాలు

మా బడి హాస్టల్లో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. రాత్రి పదకొండు దాటినా మా లెక్కల ఫాదర్ గారు వరండాలో పచార్లు చేస్తూనే ఉండేవారు. జపమాల చెప్పుకుంటున్నారని అనుకునేవాళ్లం.

1987లో పదో తరగతిలో చేరిన నాకు ఆయన ఒక పని అప్పగించారు. తపాలా కార్యాలయానికి వెళ్లి ఉత్తరాలు రిజిస్టర్ చేయించి రావడం. కవరు అంటించి, చిరునామా మళ్లీ చదువుకుని, కాసేపు అరచేతిలోనే ఉంచుకుని అప్పుడు ఇచ్చేవారు. నేను తెచ్చిన రశీదును లాగరిథమ్ పట్టికల పుస్తకంలో దాచేవారు. ఆ ఏడాది ముగ్గురు మేత్రాణులకు (బిషప్పులకు) అలా ఉత్తరాలు వేసి వచ్చాను. ఎందుకని అడగలేదు.

చాలా ఏళ్ల తర్వాత, ఒక కొండ పల్లె విచారణలో (చర్చి పరిధిలో) ఆయన్ను కలిసినప్పుడు తెలిసింది. పల్లెల్లో సేవ చేయాలని మఠ సభలో (సన్యాస సంఘంలో) చేరిన మనిషికి బడి భవనాలూ ఫీజుల లెక్కలూ అప్పజెప్పారు. పెద్దలను రెండుసార్లు అడిగారట. విధేయత అని మాటపట్టు (దేవుని ఎదుట ప్రతిజ్ఞ) ఇచ్చినవాడికి మూడోసారి అడగడానికి నోరెలా వస్తుంది? నిద్ర దూరమైంది.

శాశ్వత మాటపట్టు చేసినవారు సభను విడవాలంటే దేవుని ఎదుట తూచి చూసుకున్న అతి గంభీరమైన కారణం ఉండాలంటుంది 1983 నాటి శ్రీసభ (కథోలిక చర్చి) చట్టం. ఆయన సభ విషయంలో అనుమతి రోము నుంచే రావాలి. పైగా సభను విడిచాక కూడా చర్చి గురువుగానే (ఫాదర్‌గానే) కొనసాగాలంటే, చేర్చుకునే మేత్రాణులు దొరికేదాకా ఆ అనుమతి రాదు. నేను మోసిన కవర్లు అందుకే. ఇద్దరు కాదన్నారు. మూడోవారు పరీక్షాకాలం మీద రమ్మన్నారు. ఐదేళ్లలోగా వద్దనకపోతే చట్టప్రకారమే ఆ మేత్రాసనానికి (ఆ బిషప్పు పరిధికి) చెందినవారవుతారు. అయ్యారు.

ఇంత నలిగిపోతూ కూడా ఆయన ఒక్క తరగతి ఎగ్గొట్టలేదు. త్రికోణమితి అర్థంకాక నేను ఏడిస్తే, సాయంత్రం ఎండలో జెండా కర్ర నీడను నా అడుగులతోనే కొలిపించి, దాని ఎత్తు నా చేతే లెక్క కట్టించారు. ఆ రోజు ఆయన ముఖంలో ఏ దిగులూ చూడలేదు నేను.

పబ్లిక్ పరీక్షలయ్యాక వెళ్లిపోయారు. బదిలీ అన్నారు మాకు. పారిపోయాడని పెద్దలు కొందరు గుసగుసలాడారు. అది అన్యాయం. పారిపోయేవాడు అన్ని గుమ్మాలు తట్టి, అనుమతి కోసం అన్ని నెలలు కాచుకుని కూర్చుంటాడా? సభను విడిచేవారికి చేసిన పనికి ప్రతిఫలం అడిగే హక్కు లేదు. న్యాయంగా, ప్రేమగా చూడమని మాత్రం అదే చట్టం సభకు చెబుతుంది. మేము చూసినంతవరకు ఆయన వెంట వెళ్లింది ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి.

ఆఫీసు గోడ మీది ఫోటోల వరుసలో ఆయన లేరు. మా వీడ్కోలు నాటి గ్రూపు ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. ఈ వ్యాసంతో పాటు పంపుతున్నాను, దయచేసి వేయండి. వెనుక వరుసలో ఎడమ చివర, తెల్లని అంగీలో, చేతిలో లాగరిథమ్ పట్టికల పుస్తకంతో నిలబడింది ఆయనే.