నాన్న పుస్తకాల్లో వాన పడదు

పోయిన ఏడాది నేను చదివిన పుస్తకాల్లో ఎక్కువ భాగం మా రాయలసీమవే. కేతు విశ్వనాథరెడ్డి కథలు మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆ తర్వాత బండి నారాయణస్వామి 'శప్తభూమి', సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం', వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'. చిన్నప్పటి స్నేహితులం కొందరం వాట్సాప్ గ్రూపులో ఏడాదికి ఇన్ని పుస్తకాలు చదవాలని పందెం వేసుకున్నాం. వాళ్లు కడపలో, ప్రొద్దుటూరులో, బెంగళూరులో ఉన్నారు. నేనొక్కడినే ఇంగ్లండులో. వాళ్లు థ్రిల్లర్లు, అనువాదాలు, ఆత్మకథలు అన్నీ చదువుతున్నారు. ఊరికి దూరమైన నేను ఊరి పుస్తకాలే పట్టుకున్నాను.

అదే వేసవిలో మా పాపది ఇంకో ఛాలెంజ్. ఇక్కడి లైబ్రరీల్లో 1999 నుంచి ఏటా సమ్మర్ రీడింగ్ ఛాలెంజ్ జరుగుతుంది. నాలుగు నుంచి పదకొండేళ్ల పిల్లల కోసం ద రీడింగ్ ఏజెన్సీ అనే సంస్థ నడుపుతుంది. సెలవుల్లో మామూలుగా ఆరు పుస్తకాలు చదవాలి, చదివే కొద్దీ స్టిక్కర్లు ఇస్తారు, అన్నీ అయిపోతే సర్టిఫికెట్, మెడల్. 2025లో దాని పేరు స్టోరీ గార్డెన్. చెట్లు, పురుగులు, చెరువులు, అడవులు. మా పాపకు పదేళ్లు. చీమల మీద ఒకటి, నక్కల మీద ఒకటి, పెరట్లో చెరువు తవ్వుకున్న పిల్లల కథ ఒకటి తెచ్చుకుంది.

అడవి పుస్తకం కావాలంటే నా దగ్గరే ఉందని నాకు సంబరమైంది. 'కొండపొలం' అంతా నల్లమల కదా. కరువులో మేత, నీళ్లు లేక గొర్రెల కాపరులు మందలను అడవికి తోలుకుపోతారు. చదువుకొని ఉద్యోగం రాని కుర్రాడు వాళ్ల వెంట పోతాడు. పులి ఉంటుంది, చెట్ల పేర్లు ఉంటాయి, రాత్రుళ్లు ఉంటాయి. పాపకు తెలుగు చదవడం సరిగా రాదు కాబట్టి నేనే పడుకునే ముందు కొంచెం చదివి, కొంచెం మాటల్లో చెప్పడం మొదలుపెట్టాను. వాళ్లింకా అడవి చేరకముందే, ఎండిన చెరువుల గురించి చెప్తుండగా, అది లేచి కూర్చొని అడిగింది.

"నాన్నా, నీ పుస్తకాల్లో వాన ఎప్పుడూ పడదా? మీ ఊర్లో ఎవరూ హ్యాపీగా ఉండరా?"

తర్వాత, "నాకిది వద్దు. చదవద్దు" అంది. కోపంగా అనలేదు. అటు తిరిగి పడుకుంది.

నాకు ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. మరుసటి రోజు బ్రెడ్డు తింటుంటే దానికి వర్షపాతం లెక్కలు చెప్పాను. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది, మా కడపలో దానికన్నా కొంచెం ఎక్కువ, సీమ అంతా పడమటి కనుమలకు ఇవతల వాననీడలో ఉంది, అందుకే కథల్లో అన్ని ఎండిన బావులు. అది తన ట్యాబ్‌లో లండన్‌లో ఎంత పడుతుందో వెతికింది. 600 దగ్గర. "సేమే కదా నాన్నా" అంది. నిజంగానే పెద్ద తేడా లేదు. ఇక్కడ ఏడాది పొడుగునా తుంపరగా పడుతుంది, నేల మెల్లగా తాగుతుంది. మా దగ్గర జూన్ నుంచి నవంబరు లోపల కొన్ని రోజుల్లోనే పడాల్సిందంతా పడాలి. విత్తనం వేసినాక నెల రోజులు వాన మొహం చాటేస్తే వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే అదను పోతుంది. మిగిలిన నీళ్లు ఎండ లాక్కుపోతుంది. ఇదంతా వివరిస్తే శ్రద్ధగానే విన్నది. సాయంత్రం మళ్లీ 'కొండపొలం' తెరిస్తే మాత్రం నక్కల పుస్తకం తీసుకొని పక్క గదిలోకి పోయింది.

నేను వదల్లేదు. ఇంకో వారం ప్రయత్నించాను. మా ఆవిడ వద్దని చెప్పినా వినలేదు. కారణం చెప్తాను. మాది కమలాపురం దగ్గర పల్లె. నా చిన్నప్పుడు మా ఊరి గ్రంథాలయంలో నేను చదివినవి చందమామలు. రాజులు, మాంత్రికులు, నిండుగా పారే నదులు. ఇష్టంగానే చదివాను. కానీ నీళ్ల ట్యాంకరు వెనక బిందెలు పట్టుకొని పరుగెత్తే మా వీధి వాళ్లు ఏ పుస్తకంలోనూ ఉండేవాళ్లు కాదు. పుస్తకాల్లో ఉండే మనుషులు వేరే జాతి అనుకునేవాణ్ని. కడపలో డిగ్రీ చదివేటప్పుడు ఒక సీనియర్ కేతు విశ్వనాథరెడ్డి కథల సంపుటం ఇచ్చాడు, 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం. హాస్టల్లో మంచం మీద కూర్చొని చదువుతుంటే మా నాయన మాట్లాడుతున్నట్టే ఉంది. మా రచ్చబండ, మా అప్పులు, మా పట్టింపులు. మనమూ పుస్తకంలో ఉండొచ్చు అని తెలిసిన రోజు అది. దానికి సమానమైన సంతోషం నాకు చదువులో మళ్లీ దొరకలేదు. నా బిడ్డకు ఇవ్వాలనుకున్నది అదే.

అయితే ఇది రాస్తుంటే ఇంకో సంగతి కూడా కనిపిస్తోంది. ఆ పుస్తకం నాకు పందొమ్మిదేళ్ల వయసులో అందింది. పదేళ్లప్పుడు నేను చందమామే చదివాను. పైగా నేను గుర్తుపట్టింది నాకు అప్పటికే తెలిసిన బతుకును. పాపకు తెలిసిన బతుకు ఇక్కడిది. ఈ కథల్లో దానికి గుర్తుపట్టడానికి ఏముంది? నేను మా ఊరిని ఇస్తున్నానా, మా ఊరి మీద నాకున్న దిగులును ఇస్తున్నానా? నాకు ఇప్పటికీ స్పష్టంగా తెలియదు.

ఆగస్టులో కడపకు పోయాం. పాప మిగిలిన లైబ్రరీ పుస్తకాలు సంచిలో పెట్టుకొని వచ్చింది. ఎర్రముక్కపల్లిలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి తీసుకుపోయాను. బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలోనే కట్టారు, ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. 1820లో కడపకు వచ్చిన ఇరవై దాటిన ఇంగ్లీషు కుర్రాడు బ్రౌన్ తెలుగు నేర్చుకొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి తాళపత్రాలకు ప్రతులు రాయించాడని, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడని, 1852లో నిఘంటువు తెచ్చాడని చెప్పాను. ఇంగ్లండు నుంచి వచ్చినాయన నేర్చుకున్నాడు చూడు అని నా ఉద్దేశం. దానికది అర్థమైంది. "ఆయనకు అది జాబ్ కదా నాన్నా" అంది. మొదట అది జాబే. కంపెనీ ఉద్యోగులు ఇక్కడి భాషల్లో పరీక్షలు పాసు కావాల్సి వచ్చేది. జీతం కోసం మొదలుపెట్టిన పని మీద అంత ప్రేమ ఎట్లా పుట్టిందో నాకు తెలిస్తే పాపకు చెప్పేవాణ్ని. తాళపత్రాలు మాత్రం బాగా నచ్చాయి దానికి. ఆకు మీద గంటంతో ఎట్లా గీస్తారో, పురుగు పట్టకుండా ఏం చేస్తారో అక్కడున్న పెద్దాయనను తన తెలుగులోనే అడిగి తెలుసుకుంది.

ఒక రాత్రి కరెంటు పోతే మిద్దె మీద పడుకున్నాం. పాప మా అమ్మను అడిగింది, "అవ్వా, ఇక్కడ వాన పడనప్పుడు మీరు శాడ్‌గా ఉంటారా?" అని. మా అమ్మకు శాడ్ అంటే ఏందో నేను చెప్పాల్సి వచ్చింది.

"కరువొస్తే నవ్వకుండా ఉంటిమా ఏం నాయనా" అని మొదలుపెట్టింది మా అమ్మ.

ఒక ఏడు అసలు వాన లేదట. ఆడవాళ్లంతా కలిసి కప్పను పట్టి, రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు భుజాల మీద మోసుకుంటూ కప్పతల్లి పాట పాడుతూ ఇంటింటికీ తిరిగారట. ప్రతి ఇంటివాళ్లూ కప్ప మీద నీళ్లు పోసి, జోలెలో గింజలు వేయాలి. తాగడానికి నీళ్లు లేకపోయినా కప్పకు మాత్రం చెంబెడు పోయాలి. ఊరి చివరింటి దగ్గర కట్టు ఊడి కప్ప జొన్నల గంపలోకి దూకిందట. గంప మోస్తున్న ఆమె గంపను గాల్లోకి విసిరేసిందట. కప్ప కోసం ఆడవాళ్లంతా వీధిలో జొన్నల మీద జారుతూ పరుగులు. ఆ రోజు నవ్విన నవ్వుకు కడుపులో నొప్పి వచ్చిందని మా అమ్మ చెప్తుంటే పాప పొర్లి పొర్లి నవ్వింది. కప్పకు ఏమైంది, మళ్లీ దొరికిందా, వాన పడిందా అని ఒకటే ప్రశ్నలు. వాన పడలేదట. "కప్ప తప్పేముంది, పాపం" అంది మా అమ్మ.

అది కరువు కథే. నా పుస్తకాల్లో ఉన్న కరువే. నా నోట వింటే వద్దన్న పిల్ల, అవ్వ నోట విని మళ్లీ చెప్పమంది. మరుసటి రోజు కూడా అదే కథ.

నాలాంటి తల్లిదండ్రులు ఎవరైనా అడిగితే నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పగలను. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చిన 'కొత్తపల్లి' పిల్లల పత్రిక సంచికలు నెట్‌లో ఉన్నాయి, వాటిలో పల్లెటూరి పిల్లలు స్వయంగా రాసిన కథలుంటాయి, మా పాప వాటిని అడిగి మరీ చదివించుకుంటుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. పిల్లలు మధ్యలో ఆపేస్తే ఆపనివ్వండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను పుస్తకం కన్నా ముందు పెట్టండి. ఇవన్నీ చెప్తాను గాని, వీటివల్ల పాప ఎప్పటికైనా ఒక తెలుగు పుస్తకం తనంతట తాను తీసుకొని చదువుతుందా అంటే నమ్మకంగా చెప్పలేను. గుణింతాలు వచ్చు, వత్తుల దగ్గర ఆగిపోతుంది. ఇంకో రెండేళ్లకు ఆసక్తి పెరగొచ్చు, ఉన్నది కూడా పోవచ్చు. ఈ టెన్షన్ ఇక్కడున్న మా స్నేహితులందరి ఇళ్లలోనూ ఉంది, ఎవరి దగ్గరా మందు లేదు.

తన ఛాలెంజ్ మాత్రం పూర్తి చేసింది. మెడల్ తెచ్చుకుంది. ఆరూ ఇంగ్లీషు పుస్తకాలే. నేను చదివి వినిపించినవి కూడా రాసుకోవచ్చేమో అడుగుదామా అంటే ఒప్పుకోలేదు. "అవి నువ్వు చదివావు, నేను విన్నాను" అంది. ఆ నిజాయితీ నాకు గర్వంగానే ఉంది.

ఒక సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ఆ ప్రయాణంలోనే గండికోట కూడా చూపించాం. కోట మీది నుంచి పెన్నా లోయ చూసి, అక్కడి నుంచి జలాశయం దగ్గరికి పోయాం. దాదాపు 27 టీఎంసీలు పట్టే జలాశయం, కృష్ణా నీళ్లు మా సీమకు వచ్చాయి. అంత నీటిని చూసి పాప చప్పట్లు కొట్టింది. "చూడు నాన్నా, మీ ఊర్లో ఎన్ని నీళ్లో! నీ పుస్తకాలు ఓల్డ్ అయిపోయాయి" అంది. దాని సంతోషం నాదీ. మా నాయన ఈ నీళ్లు చూడకుండానే పోయాడు. కానీ ఆ నీటి కింద ఊర్లున్నాయి. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు జనం ఇళ్లు వదిలి పోయారు. నా డిగ్రీ స్నేహితుడిది ఆ ఊరే. అతని ఇంట్లో నేను పండగ భోజనం చేశాను. ఇప్పుడు ఆ వీధి ఎక్కడుందో చెయ్యి చాపి చూపించడానికి నీళ్లు తప్ప ఏమీ లేదు. చప్పట్లు కొడుతున్న పిల్లకు ఇది చెప్పాలా? చెప్పకపోతే రేపు నీళ్లొచ్చిన సీమ మాత్రమే దానికి తెలుస్తుంది. చెప్తే మళ్లీ నాన్న మొదలుపెట్టాడంటుంది. ఆ రోజు చెప్పలేదు.

ఈ వేసవికి మళ్లీ పోతున్నాం. ఈసారి చెప్పాలనుందని మొన్న ఫోన్లో మా అమ్మతో అన్నాను.

"నువ్వు చెప్పొద్దులే, నేనే చెప్తా. నువ్వు చెప్తే బిడ్డ ఏడుస్తాది" అంది.