తప్పిన రోజుకు మర్నాడు

2021 జులైలో రక్తపరీక్ష చేయించుకున్నప్పుడు నాకు షుగరు ఉన్నదని తేలింది. ఆ భయంతో మొదలుపెట్టిన నడక నాలుగు నెలలు చక్కగా సాగింది. తెల్లవారక ముందే లేచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం మైదానానికి పోయి, శేషాచలం కొండల మీద వెలుగు పడే వేళకు నలభై నిమిషాల నడక ముగించి ఇంటికి వచ్చేవాణ్ణి. నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలకు మా వీధిలో మోకాటి లోతు నీళ్ళు నిలిచాయి. ఇల్లు కడుక్కోవడంలో, తడిసిన సామాను ఎండబెట్టుకోవడంలో రెండు వారాలు గడిచాయి. ఆ తరువాత వాన లేదు, బురద లేదు, అయినా నేను ఆరు నెలల పాటు మళ్ళీ మైదానం వైపు వెళ్ళలేదు.

ఈ ఆరు నెలల గురించి చాలా ఆలోచించాను. ఆ రోజుల్లో నాకు బద్ధకం కన్నా సిగ్గు ఎక్కువగా ఉండేది. ‘ఒక్క రోజు కూడా మానను’ అని ఇంట్లో అందరి ముందూ చెప్పినవాణ్ణి గనుక, మాట తప్పాక ఇక ఏ ముఖంతో బూట్లు తొడుక్కోవాలన్న భావం నన్ను పట్టుకున్నది. మన ఊళ్ళలో మాల వేసుకొని నలభై ఒక్క రోజులు నిష్ఠగా ఉండేవారిని చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగాము. నియమం ఒక్కసారి తప్పినా దీక్ష భంగమైనట్లేనని మన మనసులో నాటుకుపోయింది. ఆ నిష్ఠకు దాని గౌరవం దానికి ఉన్నది. కానీ వ్యాయామాన్ని కూడా దీక్షలాగా పట్టుకుంటే, జ్వరం వచ్చిన రోజో, బంధువుల పెళ్ళికి మదనపల్లెకో పలమనేరుకో వెళ్ళవలసిన రోజో అది భంగం కాక తప్పదు. దీక్షకు ముగింపు తేదీ ఉంటుంది. నడకకు అది లేదు.

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పన్నెండు వారాల పాటు గమనించి, ఒక కొత్త పని అలవాటుగా మారడానికి ఎంత కాలం పడుతుందో లెక్కగట్టారు. 2010లో ముద్రితమైన ఆ అధ్యయనం ప్రకారం సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోగా, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చునని అంచనా వేశారు. నీళ్ళు తాగడం వంటి పనుల కన్నా వ్యాయామం అలవాటు కావడానికి ఎక్కువ రోజులు కావలసి వచ్చింది. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన విషయం మరొకటి: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడే క్రమం పెద్దగా దెబ్బతినలేదు. ఈ సంగతి నాకు ఆనాడే తెలిసి ఉంటే ఆ ఆరు నెలలు వృథా అయ్యేవి కావు.

అవే వానలకు శ్రీవారి మెట్టు దారి కూడా బండలు దొర్లిపడి దెబ్బతిన్నది. దానిని బాగుచేసి 2022 మే నెలలో తిరిగి తెరిచారు. ఆ నెలలోనే శ్రీనివాస మంగాపురం మీదుగా వెళ్ళి కొండ ఎక్కాను. అక్కడ మొత్తం 2388 మెట్లు. రెండు వందల మెట్లకే గుండె దడదడలాడి కూర్చుండిపోయాను. నా పక్క నుంచి ఒక ఆమె ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెడుతూ, వంగిన నడుము పూర్తిగా ఎత్తకుండానే పైకి సాగిపోయింది. ఇంకా ఎన్ని మెట్లున్నాయో ఆమె తలెత్తి చూడలేదు. నేను మాత్రం కూర్చున్న ప్రతిసారీ పైకి చూసి, మిగిలినవి లెక్కబెట్టుకొని, మరింత నీరసపడ్డాను. పైకి చేరుకోవడానికి మూడు గంటలు పట్టింది. మర్నాడు కాళ్ళు పట్టేసినా పది నిమిషాలు మాత్రం మైదానంలో నడిచి వచ్చాను. ఆ పది నిమిషాలనే నేను నా అసలు ఆరంభంగా లెక్కించుకుంటాను.

అప్పటి నుంచి నాకు ఉన్న నియమం ఒక్కటే: తప్పితే తప్పవచ్చు, కానీ వరుసగా రెండు రోజులు తప్పకూడదు. అమెరికాలో అరవై వేలకు పైగా జిమ్ సభ్యుల మీద 54 రకాల ప్రోత్సాహకాలను పరీక్షించిన పెద్ద అధ్యయనం ఒకటి 2021లో వెలువడింది. అన్నిటిలో బాగా పనిచేసినది, ఒక రోజు మానినవారు తిరిగి వచ్చినప్పుడు ఇచ్చిన చిన్నపాటి బహుమానం. అయితే నాలుగు వారాల కార్యక్రమం ముగిశాక ఆ ప్రోత్సాహకాలలో చాలావాటి ప్రభావం నిలవలేదన్నది కూడా అందులోనే ఉన్నది. బహుమానం ఆగినా మనిషి ఆగకుండా ఉండాలంటే, మన రాక కోసం ఎవరో ఒకరు చూస్తూ ఉండాలని నా నమ్మకం.

మైదానంలో నాకు అలా దొరికినవారు పదవీ విరమణ చేసిన ఒక అయ్యవారు. డెబ్బై దాటిన వయసులో, నిదానంగా, చేతిలో కర్రతో నడుస్తారు. నాకన్నా వెనకబడతారు గనుక మేము కలిసి నడిచేది మొదటి చుట్టూ చివరి చుట్టూ మాత్రమే. ఎండాకాలంలో అయిదింటికే మొదలుపెట్టాలని, సాయంత్రం నడవదలిస్తే నేల చల్లబడిన తరువాతే రావాలని ఆయనే చెప్పారు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అది రోజుకు ముప్పై నిమిషాల చొప్పున అయిదు రోజులే కదా అని, మిగిలిన రెండు రోజులకు నాకు ధైర్యం చెప్పినదీ ఆయనే.

పోయిన నెల జ్వరం వచ్చి అయిదు రోజులు వెళ్ళలేకపోయాను. ఆరవ రోజు తెల్లవారుజామున మైదానానికి పోతే, అయ్యవారు ఎప్పుడూ కూర్చునే అరుగు మీదే ఉన్నారు. ‘ఏం నాయనా, అయిదు దినాలాయె కనపడి. ఒళ్ళు బాగుండాదా?’ అని అడిగారు. జ్వరమని చెప్పాను. ‘అట్లయితే ఈ దినం ఒక్క చుట్టే. నేనూ నీతోనే నడుస్తా’ అని కర్ర అందుకొని లేచారు.