ఆకలి అడగడానికి మెదక్ పోయాను

ఈ శ్రమల దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే రోజుల్లో, ఒక శుక్రవారం పొద్దున్నే సిద్దిపేటలో బస్సెక్కి, రామాయంపేట మీదుగా మెదక్ చర్చి గుడికి పోయొచ్చాను. మెదక్ పోయేవాళ్లు ఏదో ఒకటి మొక్కుకునే పోతారు, పిల్లలు పుట్టాలనో, ఉద్యోగం రావాలనో, ఆపరేషన్ మంచిగా కావాలనో. నేను అడగాలనుకున్నది ఇంట్లో చెప్పడానికి కూడా నోరు రాలేదు, ఊరికే ప్రార్థన చేసుకుని వస్తానని చెప్పి బయల్దేరాను.

నేను ఎరువుల దుకాణంలో బిల్లులు రాస్తాను. ఏడేళ్లయింది. నాట్ల టైముకి యూరియా దొరకనప్పుడు మా దగ్గర లింకు పెడతారు, అంటే 266 రూపాయల బస్తా కావాలంటే రైతు తనకు అక్కర్లేని మందు డబ్బా కూడా కొనాల్సిందే. చేరిన కొత్తలో ఒక ముసలాయన రెండు బస్తాల కోసం వచ్చాడు. డబ్బా సంగతి చెప్పగానే ఏమీ అనలేదు, పక్కకు తిరిగి మొలకు కట్టుకున్న సంచి విప్పి, చెమటకు తడిసి ఒకదానికొకటి అంటుకుపోయిన నోట్లను వేలు తడుపుకుంటూ విడదీసి, రెండుసార్లు లెక్కపెట్టి నా ముందు పెట్టాడు. "ఈ మందు దేనికి కొట్టాలె తమ్మీ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మరుసటి ఏడు కాస్త తిన్నాను. నాలుగో ఏడు వచ్చేసరికి అలాంటివి రోజుకు ఇరవై ముప్పై బిల్లులు రాసి, ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకునేవాణ్ణి. నన్ను భయపెట్టింది ఇదే. పాపం చేస్తున్నానని తెలుసు, అదేమంత కొత్త కాదు, కానీ అది ముల్లులా గుచ్చుకోవడం ఎప్పుడు ఆగిపోయిందో నాకే తెలియలేదు. ఆదివారం గుడిలో పాటలు పాడుతున్నాను, కానుక వేస్తున్నాను, లోపల మాత్రం ఆకలి చచ్చిపోయింది.

చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టించిన వాక్యం ఉంది కదా, "నీతికొరకు ఆకలిదప్పులు గలవారు ధన్యులు" అని. ఎన్నిసార్లు అప్పజెప్పి ఉంటానో. ఈ మధ్యనే దాన్ని నిదానంగా చదివితే తెలిసింది, నీతి సంపాదించుకున్నవాళ్లు ధన్యులని ప్రభువు అనలేదు, దాని కోసం ఆకలిగొన్నవాళ్లు అన్నాడు. అంటే నా దగ్గర ఏమీ లేకపోయినా ఆ మాటలో నాకు చోటుంది, ఆకలంటూ ఉంటే. అదే లేకపోతే ఎట్లా?

అందుకే మెదక్. మా నాయనమ్మ వాళ్ల అమ్మ ఆ గుడి కట్టేటప్పుడు రాళ్లు మోసిందట. 1914లో మొదలుపెట్టి పదేళ్లు కట్టారు, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ చేశారు. ఆ గుడి కట్టించిన మిషనరీ పోస్నెట్ దొర ఊరికే అన్నం పెట్టకుండా, కరువులో అలమటిస్తున్న జనానికి ఈ పని కల్పించి దాంతో తిండి పెట్టాడని మా దగ్గర అందరూ చెబుతారు. పొద్దంతా మోస్తే సాయంత్రానికి ఇన్ని గింజలు కొంగులో పోసేవాళ్లని నాయనమ్మ చెప్పేది. 175 అడుగుల గోపురం కింద నిలబడి తలెత్తి చూస్తే నాకు కనిపించింది ఆ కొంగే.

లోపల జనం తక్కువ. బలిపీఠం వెనక కిటికీలో ప్రభువు ఆరోహణం, అటూ ఇటూ ఇంకో రెండు కిటికీలు, ఒకదాంట్లో ఆయన పుట్టుక, ఒకదాంట్లో సిలువ. అన్నీ రంగు గాజు ముక్కలే. ఉపవాసం కదా, పన్నెండు దాటాక కడుపులో మంట మొదలైంది. సిలువ కిటికీకి ఎదురుగా చల్లటి గచ్చు మీద కూర్చున్నాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రావడం లేదు.

పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. నుదుట ఇంత బొట్టు, చేతిలో కొవ్వొత్తుల ప్యాకెట్టు, మనవడి జ్వరం తగ్గితే వస్తానని మొక్కుకుందట. "నువ్వేం మొక్కుకున్నవ్ బిడ్డా?" అంది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, "ఆకలి కావాలని అమ్మా" అన్నాను. ఆమె వేరేగా అర్థం చేసుకుంది. నా మొహం కాసేపు చూసి, "మా ఆయినకు గూడ గట్లనే, చివర్ల ఆకలే కాకపోవు. డాక్టరు రోజూ అదే అడుగుతుండె, ఆకలైతుందా అని. ఆకలైతే బతుకుతడు బిడ్డా" అంటూ నా తల మీద చెయ్యి పెట్టింది.

అప్పుడు ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. ప్రార్థన అని చెప్పుకోదగ్గది ఏమీ చెయ్యలేదు, "ఆకలియ్యి ప్రభువా" అని మాత్రం పదే పదే అన్నాను.

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. పొద్దు కుంకుతుంటే కిటికీల్లో రంగులు ఒక్కొక్కటే మసకబారి, చివరికి సిలువ కూడా కనిపించలేదు, నల్లటి గాజు మిగిలింది. బయటి నుంచి ఎండ పడితేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి. బైబిల్లో అన్నట్టు నా నీతి మురికి గుడ్డేనని నేను ఎప్పుడూ ఒప్పుకుంటాను, కానీ ఆయన నీతి నా మీద పడకపోతే నేనేమవుతానో ఆ గాజును చూస్తుంటే తెలిసింది.

తిరుగు బస్సులో, ఇన్నేళ్లలో లింకు పెట్టి బిల్లు రాసిన రైతుల పేర్లు గుర్తు చేసుకుందామని కూర్చున్నాను. నాలుగు పేర్లే గుర్తొచ్చాయి, మిగతావాళ్లవి మొహాలు కూడా గుర్తులేవు. ఆ ముసలాయన వేళ్లు మాత్రం బాగా గుర్తున్నాయి.

ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది. మా ఆవిడ అన్నం వడ్డించింది. కలిపి ముద్ద చేతిలోకి తీసుకున్నవాణ్ణి అలాగే ఆగి, ముసలాయన సంగతి మొత్తం చెప్పాను, ఏడేళ్లలో మొదటిసారి. ఆమె గిన్నె పక్కన పెట్టి విన్నది.

"ఆయనది ఏ ఊరు?" అంది.

గుర్తులేదన్నాను.

"బిల్లు బుక్కులో ఉంటది కదా."

ఉంటుంది. పేరు, ఊరు, డబ్బా ధర, అన్నీ నా చేతిరాతలోనే ఉంటాయి.