మా యాసలో నా కథల పుస్తకం

పదకొండేళ్లలో మా ఉత్తరాంధ్ర యాసలో రాసిన 14 కథల్ని పుస్తకంగా వేద్దామనుకున్నాక ముందు శ్రీకాకుళం కథానిలయానికి వెళ్లాను. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన ఆ గ్రంథాలయంలో రెండు మధ్యాహ్నాలు కథాసంపుటాలు తిరగేశాను. ఈసారి కథల జోలికి పోలేదు. మొదటి పేజీల్లో ఏమేం వేశారు, అక్షరం ఎంత సైజు, అంచు ఎంత వదిలారు, వెల ఎక్కడ వేశారు, ఇవే రాసుకున్నాను. పుస్తకం వేసే ఆలోచన ఉన్న మన జిల్లావాళ్లు ముందు ఆ పని చెయ్యండి.

డీటీపీలో, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే చోట, నా యూనికోడ్ ఫైలుని అచ్చుకి వాడే 'అను' అనే తెలుగు ఫాంట్లలోకి మార్చారు. ఆ మార్పిడిలో కొన్ని ఒత్తులు ఎగిరిపోయాయి. అవి కంటికి కనబడేవే కాబట్టి దిద్దుకున్నాం. అసలు దెబ్బ ప్రూఫుల్లో, అంటే అచ్చుకి ముందు తప్పులు దిద్దే కాగితాల్లో తగిలింది. డబ్బిచ్చి పెట్టుకున్న ప్రూఫ్‌రీడరు బాగా చదువుకున్న మనిషే, మా వైపు మనిషి కాదు. 'గుంట' ఉన్న చోటల్లా 'పిల్ల' చేశారు. 'బుగత'ని 'భూస్వామి' చేశారు. 'ఏటి సేత్తన్నావు' కాస్తా 'ఏమిటి చేస్తున్నావు' అయింది. ఆ కాగితాలు ఇంటికి తెచ్చి అమ్మకి చదివి వినిపించాను. కాసేపు విని, "ఇదెవుల కతే? మన కత కాదిది." అంది.

ఆ మాటకి నాకు నిద్ర పట్టలేదు. మూడు వారాలు రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక్కో కథా పైకి చదువుతూ, అమ్మ ఆగమన్న చోట ఆగుతూ, పోయిన మాటలన్నీ వెనక్కి తెచ్చాను. ముట్టుకోకూడని మాటల జాబితా ఒకటి రాసి ప్రూఫ్‌రీడరుకి ముందే ఇవ్వాల్సింది. మీరైనా ఇవ్వండి.

ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకాన్ని గుర్తించే నంబరుకి, మధ్యవర్తి ఒకాయన మూడు వేలు అడిగాడు. ఇవ్వకండి. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆ 13 అంకెల నంబరు ఉచితంగానే ఇస్తుంది, సొంతంగా వేసుకునే రచయితలు కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పుస్తకం వచ్చాక 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక కాపీ పంపాలని 1954 నాటి చట్టం ఉంది. చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకి కూడా ఒక్కోటి వెళ్లాలి.

అచ్చు విజయవాడలో. డెమ్మీ 1/8 సైజు, 500 కాపీలు. పేజీల్ని పదహారేసి చొప్పున ఫారాలుగా లెక్కేస్తారు. నావి 147 వస్తే ముందుమాట కుదించి 144కి, అంటే సరిగ్గా 9 ఫారాలకి తెచ్చాను. ఆఫ్‌సెట్ అచ్చులో ప్లేట్ల (అచ్చు వేసే రేకుల) ఖర్చు ఎన్ని కాపీలకైనా ఒకటే, వెయ్యి వేసుకుంటే ఒక్కోటి చవగ్గా పడుతుందని ప్రెస్సువాళ్లు చెప్పారు. నిజమే. కానీ వానాకాలం గోడలు చెమ్మెక్కే ఇంట్లో వెయ్యి పుస్తకాలు ఎక్కడ దాచను?

వెల 150 పెట్టాను. ఒక పంపిణీదారుకి నలభై శాతం కమీషన్ మీద 100 కాపీలిచ్చాను. ఏడాది దాటినా లెక్క చెప్పలేదు, ఫోనెత్తడం మానేశారు. సంతకంతో రసీదు తీసుకోలేదు కాబట్టి గట్టిగా అడగడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. పది కాపీలిచ్చినా రసీదు రాయించుకోండి.

మిగతావి చేతుల మీదుగానే పోయాయి. రాజాం, పాలకొండల్లో టీచర్లు ఐదేసి పదేసి తీసుకెళ్లి తోటివాళ్లకి అమ్మిపెట్టారు. విజయనగరంలో ఒక సభ బయట బల్ల వేసుకుంటే ఒక్క సాయంత్రం 32 పోయాయి. పుస్తకం తిరగేస్తూ 'గుంట' కనబడ్డ చోట ఆగి, పక్కనున్నవాళ్లకి చూపించి, అప్పుడు జేబులో చెయ్యి పెట్టేవారు. ఉపాధికి హైదరాబాదు వెళ్లిన మనవాళ్లు ఫోన్‌పే చేసి తెప్పించుకున్నారు. వాళ్లకి తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన జ్ఞాన్ పోస్ట్‌లో పంపాను. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, పన్ను అదనం. అలా పంపాలంటే పుస్తకం మీద ప్రింటరు పేరో పబ్లిషరు పేరో ఉండాలి.

ఇప్పుడు ఇంట్లో 40 కాపీలున్నాయి. రెండో ముద్రణ కోసం ఒక కాపీలో పెన్సిల్‌తో తప్పులు గుర్తు పెడుతున్నాను. 61వ పేజీలో ఒక 'పిల్ల' ఇంకా అలాగే ఉంది. అమ్మే పట్టుకుంది.