పండుగ పూట కుక్క కోసం ఒక వాయి

పండుగ రోజుల్లో మా ఇంట పొయ్యి ఆరదు. వంటగది గడప మీద గడ్డం ఆనించి, ప్రతి మూత చప్పుడుకూ చెవులు నిక్కబొడుచుకునే మా కుక్కకు మాత్రం ఆ వంటల్లో దాదాపు ఏదీ పెట్టడానికి వీల్లేదు. అందుకే కొన్నేళ్ళుగా దాని కోసం విడిగా ఒక వాయి బిస్కెట్లు చేస్తున్నాను.

ఓట్స్‌ను మిక్సీలో పొడి చేసి రెండు కప్పులు తీసుకుంటాను. తొక్కా గింజలూ తీసేసి ఉడికించిన గుమ్మడికాయ గుజ్జు అరకప్పు, ఒక గుడ్డు అందులో కలుపుతాను. ఉప్పు, పంచదార, నూనె ఏవీ వేయను. ముద్ద చేతికి అంటుకుంటే మరికొంత పొడి, పగుళ్ళు వస్తుంటే మరికొంత గుజ్జు కలిపి, అర సెంటీమీటరు మందాన వత్తి, గోరంత ముక్కలుగా కోసి, 175 డిగ్రీల సెల్సియస్ వేడిలో సుమారు 25 నిమిషాలు కాలుస్తాను. ఓవెన్ ఆపేశాక కూడా వాటిని అందులోనే ఉంచితే మిగిలిన తేమ ఆరిపోయి, విరిచినప్పుడు టక్కుమంటాయి. వీటిలో నిలవ ఉంచే పదార్థాలేవీ ఉండవు కనుక ఫ్రిజ్‌లో వారం కంటే ఎక్కువ ఉంచను.

ఏం వేస్తున్నామన్న దానికంటే ఏం వేయకూడదో తెలియడం ముఖ్యమని నా గట్టి నమ్మకం. చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థాన్ని కుక్క శరీరం చాలా నెమ్మదిగా విసర్జిస్తుంది; చాక్లెట్ ఎంత నల్లగా ఉంటే ప్రమాదం అంత ఎక్కువ. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఉల్లి, వెల్లుల్లి ఎర్రరక్తకణాలను చిట్లిస్తాయి, వాటి పొడులు మరింత గాఢమైనవి. జాజికాయ కూడా కూడదు. ఈస్ట్ కలిపిన పచ్చిపిండిని మింగితే అది కడుపులో ఉబ్బడమే కాక పులిసి ఆల్కహాల్‌ను విడుదల చేస్తుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది పంచదారకు బదులు వాడే జైలిటాల్. కుక్కలు ఇష్టపడతాయని ఒకసారి పీనట్ బటర్ కలపబోయి, మూత తీశాక ఎందుకో డబ్బా వెనుక వివరాలు చదివాను. ఆ పేరు అక్కడ చిన్న అక్షరాల్లో ఉంది. చెంచా చేతిలోనే ఉండిపోయింది. మనుషులకు హాని చేయని ఈ తీపి పదార్థం కుక్కల్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా విడుదల చేయించి, కొద్దిసేపట్లోనే రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది, కాలేయాన్నీ పాడుచేయగలదు. కొన్ని డబ్బాల మీద దీన్ని బర్చ్ షుగర్ అని కూడా రాస్తారు. ఇలాంటివి పొరపాటున తింటే లక్షణాలు కనబడేదాకా ఆగకుండా వెంటనే పశువైద్యునికి ఫోన్ చేయాలి.

మంచి పదార్థాలతో చేసినా చిరుతిండి చిరుతిండే కనుక, రోజు మొత్తం కేలరీల్లో అది 10 శాతం మించకూడదు. రోజుకు 500 కేలరీలు తినే కుక్కకు 50 అన్నమాట. ముక్కలు గోరంత కోయడం అందుకే. పెద్ద బిస్కెట్ ఒకటి ఇచ్చినా, చిన్న ముక్క ఇచ్చినా మా కుక్క తోక ఒకేలా ఊపుతుంది.

పండక్కి వచ్చిన చుట్టాలు ముద్దుకొద్దీ పళ్ళెంలోంచి ఏదో ఒకటి జారవిడుస్తుంటారు. వద్దని ప్రతిసారీ చెప్పి వాళ్ళను నొప్పించలేక, ఆ రోజుకు సరిపడా ముక్కలు మాత్రం ఒక డబ్బాలో పోసి గుమ్మం పక్కన పెడుతున్నాను. పెట్టాలనిపించిన వారు అందులోంచి ఒకటి తీసి పెడతారు. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే.