నాక్సోస్‌లో ముగ్గురు అక్కాచెల్లెళ్లం

గ్రీసు ప్రయాణానికి పెద్దక్క తయారుచేసిన తొలి పట్టికలో మికోనోస్, పారోస్, నాక్సోస్, శాంతోరిని వరుసగా ఉండగా, చిన్నక్క వాటిలో మూడింటిని కొట్టేసింది. ద్వీపం మారిన ప్రతిసారీ పొద్దున్నే గది ఖాళీ చేసి, పెట్టెలు ఈడ్చుకుంటూ రేవుకు వెళ్లి, ఓడ కోసం ఎండలో కాచుకుని, కొత్త ఊళ్లో మరో గది తాళం చేతికి వచ్చేసరికి ఒక పూట గడిచిపోతుందనీ, తాను సెలవు పెట్టింది సామాను మోయడానికి కాదనీ ఆమె వాదించింది. ఇద్దరి మధ్య తీర్పు చెప్పే పని ఎప్పటిలాగే నా మీద పడింది. నేను చిన్నక్క పక్షం వహించాను. ఈ నాలుగూ ఉన్న సైక్లడీస్ అనే ద్వీపాల గుంపులో నాక్సోస్ అన్నిటికంటే పెద్దది. వెయ్యి మీటర్ల ఎత్తున్న జాస్ పర్వతం, దాని చుట్టూ పల్లెలు, బంగాళాదుంప పొలాలు, పశువుల మందలు ఉన్న ద్వీపం. ముగ్గురు మనుషులు ఒకరికొకరు అడ్డు పడకుండా సెలవు గడపడానికి ఆ మాత్రం వైశాల్యం అవసరమని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో బయలుదేరిన పెద్ద ఓడ పారోస్‌లో ఆగి, ఐదు గంటలకు పైగా ప్రయాణించి నాక్సోస్ చేరుతుంది. రేవులోకి వస్తుండగానే ఎడమవైపు చిన్న తిప్ప మీద ఒంటరిగా నిలిచిన పాలరాతి ద్వారం కనిపిస్తుంది. దానిని పోర్తారా అంటారు. క్రీ.పూ. 530 ప్రాంతంలో లిగ్దమిస్ అనే పాలకుడు మొదలుపెట్టిన ఆలయం అతని పతనంతో సగంలోనే ఆగిపోయింది. తరువాతి కాలంలో ఊళ్లో కోట కట్టిన వెనీషియన్లు అక్కడి రాళ్లను తరలించుకుపోగా, సుమారు ఆరు మీటర్ల ఎత్తున్న ఈ వాకిలి మాత్రం మిగిలింది. అది అపోలో దేవుడి జన్మస్థలమైన దెలోస్ ద్వీపం వైపు తిరిగి ఉంటుంది కనుక ఆలయం ఆయనదేనని ఎక్కువమంది పండితుల మాట.

స్థానికులు మాత్రం ఆ చోటును అరియాడ్నేతో ముడిపెడతారు. క్రీటు రాజు మైనోస్ కూతురైన ఆమె దారపు ఉండ ఇచ్చి ఏథెన్స్ వీరుడు థీసియస్‌ను చిక్కుదారుల కోట నుంచి బయటపడేసింది. ఆ కోటలో అతను చంపిన, ఎద్దు తల ఉన్న మినోటార్ ఆమె తల్లి కడుపున పుట్టినవాడే. అలా సొంతవాళ్లను కాదనుకుని వెంట వచ్చిన అమ్మాయిని థీసియస్ నాక్సోస్ తీరంలో నిద్రలో వదిలి ఓడ ఎక్కేశాడు. ఆ తరువాత డయొనైసస్ దేవుడు ఆమెను పెళ్లాడాడు. ఇంతవరకూ ఇద్దరక్కలకూ తెలుసు. థీసియస్ ఆ తరువాత పెళ్లి చేసుకున్నది అరియాడ్నే తోబుట్టువైన ఫేడ్రానే అని నేను చెప్పినప్పుడు మాత్రం, సూర్యాస్తమయం ఫొటోల కోసం చుట్టూ చేరిన జనాన్ని మరచి ముగ్గురం పెద్దగానే వాదులాడుకున్నాము.

అక్కను నడిసముద్రంలో వదిలేసినవాడిని ఏ చెల్లెలైనా ఎలా కట్టుకుంటుందని చిన్నక్క కోపగించుకుంది. రాజుల ఇళ్లలో ఆడపిల్లను ఎవరు అడిగి పెళ్లి చేశారని పెద్దక్క ఎదురు ప్రశ్న వేసింది. అరియాడ్నేకు చివరికి దేవుడు దొరికాడు గానీ, సవతి కొడుకు మీద మోహంతో నలిగి ప్రాణం తీసుకున్న ఫేడ్రాకు ఎవరు దొరికారని కూడా అడిగింది. పెద్దక్క ఎవరి పక్షానైనా అంత వేడిగా మాట్లాడడం నేను అరుదుగా చూశాను. ఆ ఇద్దరూ మళ్లీ ఎప్పుడైనా కలిశారా అని చిన్నక్క అడిగింది. హోమర్ 'ఒడిస్సీ' కావ్యం పదకొండవ సర్గలో కథానాయకుడు ఒడిస్సియస్ పాతాళంలో చూసిన స్త్రీల పేర్లు చెబుతూ ఫేడ్రానూ అరియాడ్నేనూ ఒకే పాదంలో పేర్కొంటాడు. వాళ్లు మాట్లాడుకున్నట్లు మాత్రం అక్కడ లేదు.

మిగతా రోజుల్లో మేము ఉదయాలు విడివిడిగానూ, సాయంత్రాలు కలిసీ గడిపాము. చిన్నక్క అగియోస్ జార్జియోస్ తీరంలో లోతు తక్కువగా ఉన్న నీళ్లలో పొద్దంతా ఈదేది. పెద్దక్క కొండదారుల్లో నడిచేది. నేను కోట కింది సందుల్లో తిరిగేదాన్ని. ముగ్గురం సమానంగా వేసిన యూరోలు ఒకే పర్సులో ఉండి, అది చిన్నక్క చేతిలో ఉండడం వల్ల, ఎవరు ఎంత తిన్నారన్న లెక్క బల్ల మీదికి రాలేదు. మాంసం ముట్టని పెద్దక్కకు కూరగాయలను నూనెలో మగ్గించిన బ్రియామ్, బియ్యం కూరి వండిన టమాటాలు, ఉడికించి నిమ్మరసం పిండిన ఆకుకూర టవెర్నా అనే అక్కడి భోజనశాలలు అన్నిటిలోనూ దొరికాయి. ఆమె పళ్లెంలోంచే మేమిద్దరం ఎక్కువగా తిన్నాము.

కారు అద్దెకు తీసుకుని ద్వీపం ఉత్తర కొసకు వెళ్లిన రోజు దారిలో హల్కి అనే పల్లెలో ఆగాము. అక్కడ మాదీఫలం జాతి చెట్టు ఆకులతో కిత్రోన్ అనే మద్యం తీస్తారు. ఆకుపచ్చనిది తీపి, పసుపుపచ్చనిది ఘాటు. పెద్దక్క ఘాటైనదాన్నే కోరుకుంది. కారు నడుపుతున్నది చిన్నక్క కనుక ఆమె వాసనతోనే సరిపెట్టుకుంది. పాలరాయి పరిచిన వీధుల అపిరాంథోస్ దాటి, మలుపుల మీద మలుపులు తిరిగి అపొలొనాస్ చేరితే, ప్రాచీన గనిలో పదిన్నర మీటర్లకు పైగా పొడవున్న గడ్డపు పురుషుడి విగ్రహం చెక్కడం పూర్తికాకుండా వెల్లకిలా పడి ఉంది. రెండున్నర వేల ఏళ్లకు పైగా అది అక్కడి నుంచి కదలలేదు. నాకు పోర్తారా కంటే ఇదే ఎక్కువ నచ్చింది. ఉలి గాట్లను అంత దగ్గరగా చూడగలగడం మరెక్కడా నాకు తటస్థపడలేదు.

ఎండాకాలంలో అక్కడ మెల్తెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. జూలై, ఆగస్టు నెలల్లో అది మరీ ముదిరితే ఓడలను రేవులోనే నిలిపేస్తారు. విమానానికి ముందు రాత్రి ఏథెన్స్‌లోనే ఉండి తీరాలని పెద్దక్క పట్టుబట్టినప్పుడు, సముద్రం పక్కన గడపగలిగే ఒక రోజును వృథా చేస్తోందని మేమిద్దరం సణిగాము. మేము బయలుదేరిన నాడు గాలి హెచ్చి ఓడ చాలా ఆలస్యంగా వచ్చింది. పిరేయస్‌లో అర్ధరాత్రి దాటాక దిగినప్పుడు పెద్దక్క ఏమీ అనలేదు. టాక్సీకి డబ్బులివ్వమని చిన్నక్కకు చెప్పి ముందు సీట్లో కూర్చుంది.